బిస్కట్ బరువెంత?

పిల్లలూ!

ఈ నెల మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. నేను చేసిన ఒక తప్పును గురించి కూడా చెబుతాను. హెడ్మాస్టర్లు తప్పులు చెయ్యరని మీరనుకుంటూ ఉంటే, ఆ భ్రమ ఇవాళతో వదిలిపోతుంది.

2023 అక్టోబరులో నేను ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పక్క ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. చాలా ఏళ్ళు నర్సు ఉద్యోగం చేసి, విశ్రాంతి తీసుకుంటున్నారు. విశ్రాంతి అనేది పేరుకే! ఆవిడ పెరట్లో రెండు కొయ్య షెడ్లు ఉన్నాయి. వాటి నిండా గినీ పందులే. ఎవరెవరో ముచ్చటపడి కొనుక్కుని, ముచ్చట తీరాక వద్దనుకున్నవి. వాటన్నిటినీ ఆవిడ చేరదీసి, జబ్బు చేసిన వాటికి వైద్యం చేయించి, మంచి ఇల్లు దొరికితే పంపించేవారు. దొరక్కపోతే తన దగ్గరే ఉంచుకునేవారు. నేను వెళ్ళేనాటికి 26 ఉన్నాయి. నేను ఆవిడను నర్సమ్మగారు అనేవాణ్ణి. ఆ పేరుకు అర్థం చెబితే ఆవిడ ఎంతో సంతోషించారు.

గినీ పంది అంటే పంది కాదు. గినీ దేశంలో పుట్టిందీ కాదు. ఎలుక, ఉడత, ముళ్ళపంది—వీటి కోవకు చెందిన, కొరికి తినే జంతువు. జానెడు పొడవుంటుంది. పెద్దవి కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతాయి. ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళకు మూడేసి. తోక కనపడదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రజలు వేల ఏళ్ళ క్రితమే దీన్ని ఆహారం కోసం మచ్చిక చేశారు. వాళ్ళు దీన్ని 'కుయ్' అంటారు. అది అరిచే అరుపే దాని పేరయింది. మన కుక్కపిల్లలు కూడా కుయ్ కుయ్ అనే కదా అంటాయి! 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దీన్ని ఐరోపాకు తీసుకుపోయారు.

పొద్దున్న 7 గంటలకు మేము షెడ్డు తలుపు తీసేవాళ్ళం. గడియ చప్పుడు వినగానే 26 గొంతులూ ఒక్కసారిగా 'వీక్, వీక్' అని లేచేవి. బడిలో ఆఖరి గంట కొట్టినప్పుడు మీరు చేసే గోలకు అదేమీ తీసిపోదు. కాని నర్సమ్మగారు వెంటనే తిండి పెట్టేవారు కారు. ముందు ఒక్కొక్క గూటి దగ్గరా ఆగి, ఊరికే చూసేవారు.

"ఏం చూస్తున్నారు?" అని అడిగాను.

"అరవని వాళ్ళెవరా అని," అన్నారావిడ.

ఆ మాట అప్పుడు నాకు సరిగా తలకెక్కలేదు.

తరవాత శుభ్రం చెయ్యటం. తడిసిన కాగితాలు, పెంటికలు ఎత్తి, కొత్త కాగితాలు పరిచి, వాటిపైన ఎండుగడ్డి వెయ్యాలి. గడ్డి అంటే పక్క మాత్రమే కాదు సుమా! వాటి తిండిలో అయిదింట నాలుగు పాళ్ళు గడ్డే. గినీ పందికి 20 పళ్ళుంటాయి. మన గోళ్ళలాగా అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరిగి, ఉండవలసినంత ఉంటాయి.

ఆ పైన కూరలు: కాప్సికం ముక్కలు, కొత్తిమీర, ఆకుకూరలు. ఇవి విలాసం కాదు, అవసరం. చాలా జంతువులు సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు. గినీ పందికీ లేదు. ఈ పోలికే మనకు ఎంతో మేలు చేసింది. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే శాస్త్రజ్ఞులు గినీ పందులకు ఉత్త ధాన్యం పెట్టి చూశారు. పూర్వం ఓడ ప్రయాణాలలో నావికులను చంపిన స్కర్వీ వ్యాధి వాటికీ వచ్చింది. తాజా కూరలు, నిమ్మరసం ఇస్తే ఆ వ్యాధి రాలేదు. సి విటమిన్‌ను కనుక్కునే దారిలో అదొక పెద్ద మెట్టు. అంటే ఆ మూగజీవాలకు మనం కాస్త బాకీ ఉన్నామన్నమాట.

ఒకనాడు గేటు దగ్గర ఎవరో ఒక అట్టపెట్టె వదిలివెళ్ళారు. అందులో రెండు గినీ పందులు. 'రెండూ ఆడవే' అని పైన రాసి ఉన్నది. నర్సమ్మగారు పరీక్షించి చూస్తే, ఒకటి మగది! కొత్తగా వచ్చిన వాటికి ఏ జబ్బన్నా ఉంటే మిగతా వాటికి అంటకుండా మూడు వారాలు దూరంగా ఉంచటం అక్కడి నియమం. ఈ రెంటినీ ఒకదానికొకటి కూడా దూరం చెయ్యవలసి వచ్చింది. ఎందుకో ఒక లెక్క చేసి చూడండి. తల్లి సుమారు 68 రోజులు మోసి, మూడు పిల్లలను కంటుందనుకుందాం. ఈనిన నాడే మళ్ళీ చూలు కట్టగలదు. అలా అయితే ఏడాదిలో అయిదు ఈతలు, 15 పిల్లలు! ఆ పిల్లలు పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్ళు, పళ్ళు ఉంటాయి. నెల తిరిగేసరికి అవీ చూలు కట్టగలవు. 'రెండే కదా' అని కొన్నవాళ్ళ ఇల్లు ఎందుకు నిండిపోతుందో తెలిసింది కదూ?

ఇక నా తప్పు.

ప్రతి ఆదివారం వాటన్నిటినీ వంటింటి త్రాసు మీద గిన్నెలో కూర్చోబెట్టి తూచి, బరువులు పుస్తకంలో రాయాలి. "హాజరుపట్టీ రాయటం మీకు అలవాటేగా!" అని నర్సమ్మగారు ఆ పని నాకు అప్పగించారు. రాసే పనిలో మా మనవరాలు నాకు తోడు.

ఆ గుంపులో బిస్కట్ అని ఒకటి ఉండేది. గోధుమరంగు, పొడుగాటి బొచ్చు. అల్లరి లేదు. తోసుకురాదు. మూల కూర్చుని చూస్తూ ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని నేను మెచ్చుకునేవాణ్ణి. నవంబరులో ఒక ఆదివారం పెద్ద వాన. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆఖరున బిస్కట్ ఒక్కటే మిగిలింది. బొచ్చుతో బొద్దుగానే కనిపించింది. దాన్ని తూచకుండానే, పుస్తకంలో దాని పేరు ఎదట 'బాగున్నది' అని రాసేశాను.

"తాతయ్యా, అంకె రాయలేదేం?" అన్నది మనవరాలు.

"కనిపిస్తూనే ఉందిగా, అమ్మా!" అన్నాను.

మరుసటి ఆదివారం దాన్ని త్రాసు మీద పెట్టాను. 806 గ్రాములు. పుస్తకంలో వెనక్కు చూస్తే, అంతకు ముందు తూచినప్పుడు 912. రెండు వారాల్లో 106 గ్రాములు పోయింది! చేత్తో బొచ్చు కింద తడిమితే వెన్నెముక తగిలింది. నాకు నోట మాట రాలేదు.

పశువుల డాక్టరు నోరు తెరిచి చూశాడు. కింది దవడ పళ్ళు లోపలికి పెరిగి, నాలుక మీద వంతెన కట్టినట్టు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నాలుక కదలదు, మింగుడు పడదు. ఎదటే తిండి ఉన్నా తినలేక అది పస్తులున్నది. పూర్వపు యజమానులు గడ్డి పెట్టక, మెత్తటి తిండి పెట్టి పెంచారట. డాక్టరు మత్తు ఇచ్చి పళ్ళను అరగదీశాడు. "ఇక మీద ఆధారపడి ఉంది. పొట్ట ఖాళీగా ఉంటే పేగులు ఆగిపోతాయి. అప్పుడు నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు.

గడ్డిపిండిని నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో మూడేసి గంటలకు ఒకసారి కొద్దికొద్దిగా పట్టించాలి. పగలు నర్సమ్మగారు, రాత్రి నేను. దాన్ని తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదటి రెండు రాత్రులు బతుకుతుందని నాకు నమ్మకం లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉన్నది.

"తూచి ఉంటే వారం ముందే తెలిసేది," అన్నాను చివరకు నేనే.

"తెలిసేది," అన్నారావిడ. "నక్కలకూ గద్దలకూ ఆహారమయ్యే జాతి ఇది. జబ్బు చేసిన సంగతి పైకి తెలియనిస్తే ప్రాణం పోతుంది. అందుకే దాచుకుంటాయి. అందుకే మనకు త్రాసు కావాలి."

పదకొండో రోజు తెల్లవారుజామున ఒళ్ళో నుంచి దించాను. బిస్కట్ గడ్డి కుప్ప దగ్గరికి పోయి, ఒక పరక లాగి, నమలసాగింది. ఆ కరకర శబ్దం కన్న మంచి సంగీతం నేను వినలేదు. ఆ ఆదివారం 822 గ్రాములు. అంకె మనవరాలే రాసింది. మార్చిలో నేను తిరిగివచ్చేటప్పటికి 890 దాటింది.

పిల్లలూ! విమానంలో కూర్చుని నేను బిస్కట్‌ను గురించి ఆలోచించలేదు. నా బడిలో వెనక బెంచీల మీద నోరు మెదపకుండా కూర్చున్న పిల్లలను గురించి ఆలోచించాను. వాళ్ళ పేర్ల ఎదట ఎన్నిసార్లు 'బాగున్నది' అని రాసి ఊరుకున్నానో! మీ తరగతిలో అటువంటి వాళ్ళుంటే, మీరన్నా వెళ్ళి పలకరించండి.

ఇది చదివి, "మాకూ గినీ పందిని కొనండి" అని ఇంట్లో పేచీ పెట్టేవాళ్ళుంటారు. ముందు ఈ సంగతులు వినండి. అది అయిదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. అంటే ఇప్పుడు మీరు అయిదో తరగతి అయితే, కాలేజీలో చేరే దాకా దానికి గడ్డి వెయ్యాలి. ఒంటరిగా ఉండలేదు, స్విట్జర్లాండులో 2008లో చేసిన నిబంధనల ప్రకారం ఒక్కదాన్నే పెంచకూడదు. 18 నుంచి 24 డిగ్రీల వేడి దానికి హాయి. 30 దాటితే వడదెబ్బ భయం. మన మే నెల ఎండలు మీకు తెలుసు. పెంచలేక వదిలెయ్యటం దయలేని పనే కాదు, నేరం కూడా. పెంచే జంతువును ఆకలిదప్పులకు వదిలెయ్యకూడదని మన దేశంలో 1960లోనే చట్టం వచ్చింది.

కొనకుండానే చెయ్యగల పని ఒకటున్నది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కుక్కపిల్ల, పిల్లికూన, కోడిపిల్ల ఏదో ఒకటి ఉంటుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని, వారానికి ఒకసారి తూచి, తేదీ వేసి బరువు రాయండి. ఎంత తిన్నది, ఎలా ఉన్నది కూడా రాయండి. 'బాగున్నది' అని మాత్రం రాయకండి. అంకె రాయండి.

ఈ నెల ప్రశ్నలు:

1. గినీ పందికీ మనిషికీ ఉన్న ఒక పోలిక ఏమిటి?

2. బిస్కట్ రెండు వారాల్లో 106 గ్రాములు తగ్గింది. అంటే 912 గ్రాములలో నూటికి ఎంత? అదే లెక్కన 30 కిలోల పిల్లవాడు ఎంత తగ్గినట్టు?

రెండో లెక్క చేశాక, మీ అమ్మగారికి చూపించండి. నేనెందుకు నిద్రమానుకున్నానో ఆవిడకు వెంటనే తెలుస్తుంది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాస్టారు