ముప్ఫై శాతం వాన, పన్నెండు సైకిళ్లు

"రేపు వాన పడుతుందా, పడదా?" సైకిళ్ల మీద జట్టుగా ఎక్కడికైనా వెళ్లాలనుకున్నప్పుడు మొదట వినిపించే ప్రశ్న ఇదే. జవాబు దొరక్క కొన్ని జట్లు ప్రయాణమే మానుకుంటాయి. మరికొన్ని "పడితే పడనీ, తడిస్తే తడుస్తాం" అంటూ బయలుదేరుతాయి. ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చవు. అసలు ఆ ప్రశ్ననే కొంచెం మార్చుకోవాలని నా అభిప్రాయం. "వాన పడేసరికి మనం ఎక్కడ ఉంటాం? అప్పుడు ఏం చేస్తాం?" అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకు వాతావరణ శాఖ దగ్గర కూడా కచ్చితమైన జవాబు ఉండదు. రెండో ప్రశ్నకు జవాబు ముందు రోజు సాయంత్రమే మీరు కూర్చుని రాసుకోవచ్చు.

పాలకుర్తినే ఉదాహరణగా తీసుకుందాం. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత జనగామ జిల్లాలో చేరిన మండల కేంద్రం ఇది. పాల్కురికి సోమనాథుని పేరులోనే ఉన్న ఊరు. గుట్ట మీద సోమేశ్వరాలయం ఉంది. కొద్ది కిలోమీటర్ల దూరంలో ఒకవైపు పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, మరోవైపు గుట్ట మీద రామాలయం ఉన్న వల్మిడి. ఒక్క పూటలో ఈ మూడు ఊళ్లూ చుట్టి రావాలని ఇక్కడి ఉన్నత పాఠశాల పిల్లలకు అనిపించకపోతేనే ఆశ్చర్యపడాలి. మొత్తం పాతిక కిలోమీటర్ల దారి అనుకుందాం. పన్నెండు మంది, పన్నెండు సైకిళ్లు. రేడియోలోనో, సెల్‌ఫోనులోనో "వాన పడే అవకాశం 30 శాతం" అని చెప్పారు. వెళ్లాలా, మానాలా?

ముందు ఆ 30 శాతానికి అర్థం తెలుసుకోవాలి. దాని అర్థం పగటి వేళలో 30 శాతం సేపు వాన కురుస్తుందని కాదు, మండలంలో 30 శాతం నేల తడుస్తుందని అంతకన్నా కాదు. సరిగ్గా ఇలాంటి పరిస్థితులే ఉన్న రోజులు పది ఉంటే, వాటిలో సుమారు మూడు రోజులు మీ ఊళ్లో వాన పడుతుందని అర్థం. మిగిలిన ఏడు రోజులు పడదు. కాబట్టి పొడిగా గడిచిన రోజున "చూశావా, వాతావరణం వాళ్లు మళ్లీ తప్పు చెప్పారు" అనడం న్యాయం కాదు. మన వాతావరణ శాఖ ప్రకటనల్లో "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల" అనే మాటలు వింటుంటాం. అవీ ఊరికే అన్న మాటలు కావు. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడే సూచన ఉంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. నాలుగో వంతు దాటి సగం వరకు అయితే "కొన్ని చోట్ల". జఫర్‌గఢ్‌లో తడిసి, పాలకుర్తిలో ఆకాశం నీలంగా ఉంటే ఆ ప్రకటన నిజమైనట్టే.

ఇంకా కచ్చితంగా చెప్పలేరా అని మీరు అడగవచ్చు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కంప్యూటర్‌తో వాతావరణ లెక్కలు చేస్తూ, ఒక లెక్కను మధ్యలో నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. అంతకుముందు కంప్యూటర్ లోపల 0.506127గా ఉన్న సంఖ్యను ఈసారి 0.506 అని ఇచ్చాడు. తేడా ఎంత? పదివేలలో రెండు వంతులైనా లేదు. అయినా కొంత దూరం పోయేసరికి రెండు లెక్కలకూ పోలికే లేకుండా పోయింది. గాలి వేగం, తేమ, ఉష్ణోగ్రత ప్రతిచోటా అంత సూక్ష్మంగా కొలవడం ఎవరి తరమూ కాదు. అందుకే పెద్ద అల్పపీడనం ఎటు కదులుతుందో కొన్ని రోజుల ముందే చెప్పగలిగినవారు, ఒక్క ఉరుముల మేఘం ఏ ఊరి మీద కురుస్తుందో మాత్రం రెండు మూడు గంటల ముందు గాని చెప్పలేరు. ఆ స్వల్పకాలిక హెచ్చరికలు ఇప్పుడు మనకు అందుతున్నాయి. హైదరాబాదులోని డాప్లర్ రాడార్ మన వైపు మేఘాలను కూడా చూస్తుంది. పిడుగుల గురించి హెచ్చరించడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 'దామిని' అనే సెల్‌ఫోన్ సాధనాన్ని తయారుచేసింది. ముందు రోజు సూచన ప్రయాణం రోజును నిర్ణయించుకోవడానికి పనికొస్తే, తెల్లవారుజామున చూసే సూచన బయలుదేరడానికి పనికొస్తుంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించకూడదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఒకే తేదీ పెట్టుకున్నారు, ఆ రోజు వాన అవకాశం 40 శాతం. అంటే ప్రయాణం సజావుగా సాగే అవకాశం 60 శాతమే. అదే మొదట్లోనే రెండు తేదీలు అనుకుని, "మొదటిది పోతే రెండోది" అని ఇళ్లల్లో చెప్పి ఉంచారనుకోండి. రెండు రోజులూ వానే పడే అవకాశం 0.4 × 0.4, అంటే 16 శాతం. ఒక్క రోజైనా పొడిగా దొరికే అవకాశం 84 శాతానికి పెరిగింది! పైసా ఖర్చు లేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ గుణకారం చెల్లాలంటే ఒక రోజు వానకూ రెండో రోజు వానకూ సంబంధం ఉండకూడదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే ముసురు మూడు నాలుగు రోజులు వదలదు కదా! శనివారం కాకపోతే ఆదివారం అనుకునే జట్టుకు ఆ 84 శాతం దక్కదు. రెండో తేదీ కనీసం వారం పది రోజులు ఎడంగా ఉండాలి.

రెండో లెక్క నాకు మరీ ముఖ్యమైనది. పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక సైకిలుకు పంక్చర్ పడడమో, చైను ఊడి చిక్కుకోవడమో జరిగే అవకాశం ఇరవైలో ఒకటి అనుకుందాం. ఒంటరిగా వెళ్లేవాడికి అది లెక్కలోకి రాదు. పన్నెండు సైకిళ్లకు? ఏ ఒక్కదానికీ ఏమీ కాకుండా ఉండే అవకాశం 0.95ను పన్నెండు సార్లు హెచ్చిస్తే వస్తుంది. మీరే చేసి చూడండి, 0.54. అంటే జట్టులో ఎవరో ఒకరికి ఆటంకం కలిగే అవకాశం 46 శాతం! ఇంచుమించు బొమ్మా బొరుసూ. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. అందుకే ఒక్కడి ప్రయాణానికి వేసిన కాలపట్టికను జట్టుకు వాడకూడదు. గంటకు 12 కి.మీ. చొప్పున పాతిక కిలోమీటర్లకు రెండు గంటలు చాలని లెక్కగట్టి, తొమ్మిదింటికి తీరిగ్గా బయలుదేరే జట్టు గుళ్లు చూసి, పంక్చర్లు వేయించుకుని, మధ్యాహ్నం రెండింటికి కూడా దారిలోనే ఉంటుంది.

మధ్యాహ్నం రెండు అంటే ఏమిటి? ఏప్రిల్, మే నెలల్లో మన వైపు వచ్చే గాలివానల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం తర్వాతా, సాయంత్రమూ వస్తాయి. పొద్దున్నుంచీ ఎండకు కాగిన నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది, పైన చల్లబడి అందులోని తేమ మేఘమవుతుంది. అలా పెరిగి పెరిగి క్యుములోనింబస్ మేఘంగా నిలబడేసరికి మధ్యాహ్నం అవుతుంది. అయిదున్నరకు బయలుదేరి పదింటికి ఇల్లు చేరే జట్టు ఈ మేఘంతో పందెం పెట్టుకోనక్కరలేదు. ఎండదెబ్బ కూడా తప్పుతుంది. మే నెలలో పాలకుర్తిలో నన్ను భయపెట్టేది వాన కంటే ముందు ఎండే. నన్ను అడిగితే ఈ ప్రయాణానికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి దాకా మంచి కాలం. అప్పుడైతే ఉదయం పొగమంచు విడిచేదాకా ఆగి బయలుదేరాలి, లారీ వాళ్లకు మీరు కనబడాలి కదా!

దారిలో ఉండగానే మేఘం కమ్ముకొస్తే? ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లగాలి తగులుతుంది. అందరూ "అబ్బ, హాయి!" అంటారు. ఆ హాయి గాలిని అనుమానించండి. మేఘంలోంచి పడే చినుకులు కొంత ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. మీకు తగిలింది దాని అంచు. తుపాకీ దెబ్బలాంటి ఉరుము ఇంకా వినపడకపోయినా, ఆశ్రయం వెతుక్కోవలసిన క్షణం అదే. మెరుపు కనబడితే ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే పడింది. తర్వాతి పిడుగు మీ మీద పడడానికి ఆ దూరం అడ్డు కాదు. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా కదలవద్దు.

ఆశ్రయం అంటే పక్కా భవనం. బడి, పంచాయతీ ఆఫీసు, ఎవరిదైనా డాబా ఇల్లు. నాలుగు స్తంభాల మీద నిలిచిన బస్ షెల్టర్ చినుకులను ఆపుతుంది గాని పిడుగును ఆపదు. చింతచెట్టు, తాటిచెట్టు కిందికి పోవడం అన్నిటికన్నా ప్రమాదం. మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. సైకిలుకు రబ్బరు టైర్లున్నాయి కాబట్టి భయం లేదని కొందరు ధీమాగా చెబుతారు. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చిన విద్యుత్తును అంగుళం రబ్బరు ఆపుతుందా? మూసిన కారులో రక్షణ ఉండేది దాని చుట్టూ ఉన్న లోహపు గుల్ల వల్ల. సైకిలుకు ఆ గుల్ల లేదు.

వానలో బ్రేకుల సంగతి కూడా. రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు మొదటి కొన్ని చుట్లు పట్టు దొరక్క జారుతుంది. 1971 జూలై 12న టూర్ డి ఫ్రాన్స్ పోటీలో, పిరెనీస్ పర్వతాల్లో ఒక కొండ దిగుతుండగా కుంభవృష్టి కురిసింది. అందరికంటే ముందంజలో ఉన్న స్పెయిన్ వీరుడు లూయీ ఓకాన్యా ఆ వాలులో పడి, గాయాలతో పోటీ నుంచే తప్పుకున్నాడు. ప్రపంచంలో మేటి సైకిలు వీరుడి గతి అది! గుట్ట వాలుల్లో వాన పడితే దిగి నడిపించుకు వెళ్లడం నామర్దా కాదు.

ఇక వాగు. ఈ ఒక్క విషయంలో నేను శాతాల మాట ఎత్తను. చెరువు మత్తడి దూకి రోడ్డు మీదుగా నీళ్లు పారుతుంటే ఆ దారి మీకు లేదు, అంతే. ప్రవాహ వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీటిలో సైకిలుతో నిలబడగలమన్నది భ్రమ. పైగా నీటి కింద రోడ్డు మిగిలి ఉందో, కోసుకుపోయిందో కనబడదు. మీ ఊళ్లో చినుకు పడకపోయినా, ఎగువన కురిసిన వాన గంటల తర్వాత మీ వాగులోకి రావచ్చు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అవన్నీ పాలకుర్తికి మరీ దూరపు ఊళ్లు కావు.

ఇంత చదివాక కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు "అందుకే పంపం" అనవచ్చు. వారితో నాకు పేచీ ఉంది. ప్రతిసారీ "మబ్బు పట్టింది, వద్దు" అంటే పిల్లలు ఊరుకుంటారా? నలుగురు చెప్పకుండా వెళతారు, ఏ దారిన వెళ్లారో ఎవరికీ తెలియదు. చెప్పి వెళ్లే పన్నెండు మంది కంటే చెప్పకుండా వెళ్లే నలుగురికే అపాయం ఎక్కువ. దారిలో ఆగదగిన పక్కా భవనాలు గుర్తించుకుని, వాగు దాటనక్కరలేని రూటు వేసుకుని వచ్చిన జట్టును పంపడమే మేలు.

పిల్లలతోనూ నాకు ఒక పేచీ ఉంది. వెనక్కి తిరగాలా వద్దా అన్నది దారిలో తేల్చుకుందామంటారు. దారిలో అది తేలదు. "ఇంత దూరం వచ్చాం, బమ్మెర ఇంకో రెండు కిలోమీటర్లే" అని ఒకడంటాడు, పిరికివాడనిపించుకోవడం ఇష్టంలేక మిగిలినవాళ్లు తలూపుతారు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల పరుగు పందెంలో ఉన్నట్టుండి చలిగాలి, వడగళ్లు విరుచుకుపడి 21 మంది చనిపోయారు. వాళ్లు బలహీనులు కారు, ఆరితేరిన పరుగువీరులు. కొందరి ప్రాణాలు నిలిచాయంటే అక్కడ ఒక గొర్రెల కాపరి వాళ్లను తన గుహలోకి తీసుకువెళ్లి మంట వేసినందువల్ల. అంచేత నియమాలు ముందు రోజే రాసుకోండి. ఉరుము వినబడితే దగ్గర్లోని భవనం, నీళ్లు పారుతుంటే వెనక్కి, ఎనిమిదిన్నరకు ఎక్కడ ఉన్నా ఇంటి ముఖం. "తిరిగిపోదాం" అనే హక్కు జట్టులో అందరికంటే చిన్నవాడికి కూడా ఉండాలి. వాడు అన్నాక ఎవరూ వాదించకూడదు.

పెద్దవాళ్లు కార్తెలు చెబుతారు, తూనీగలు కిందుగా ఎగిరితే వాన అంటారు. నవ్వేయవద్దు, నమ్మేయవద్దు, నోటుపుస్తకం తీయండి. ఒక వరుసలో తాతయ్య చెప్పింది, పక్కన వాతావరణ శాఖ చెప్పింది, మూడో వరుసలో నిజంగా జరిగింది. 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తేనే మన వాతావరణ శాఖ దాన్ని 'వర్షపు రోజు' అంటుంది, మీరూ అదే కొలత పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాస్తే నూట ఇరవై పైచిలుకు రోజులు చేతికొస్తాయి. ముఖ్యంగా 30 శాతం అన్న రోజులన్నీ ఏరి, వాటిలో ఎన్నిటికి వాన పడిందో లెక్కించండి. మూడో వంతుకు దగ్గరగా వస్తే ఆ సూచన మీ ఊరికి పనికొస్తున్నట్టు.

బయలుదేరే రోజున ఒక పంపు, పంక్చర్ సామాను, పుస్తకాలకూ ఫోనుకూ చుట్టడానికి పాలిథిన్ సంచులు, తలా ఒక నీళ్ల సీసా, కాస్త బెల్లం, పల్లీలు. ఇంటి దగ్గర ఒక కాగితం: ఏ దారిన వెళ్తున్నాం, ఎక్కడెక్కడ ఆగుతాం, పదిన్నర దాటినా రాకపోతే ముందు ఏ ఊళ్లో వెతకాలి.