తీగ లేని దారికి వేపచెట్టు అడ్డం



నేను హెడ్మాస్టరుగా ఉన్న ఆఖరు సంవత్సరంలో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

మా బడికి రెండు మేడలు, నడుమ రోడ్డు. పాత మేడలో ఇంటర్నెట్టు ఉండేది. దాన్ని కొత్త మేడలోని కంప్యూటర్లకు అందించటానికి రోడ్డు మీదుగా 80 మీటర్ల రాగితీగ కట్టాం. దగ్గరలో ఎక్కడ పిడుగు పడ్డా ఆ తీగలో విద్యుత్తు ఒక్కసారిగా పొంగి, రెండు చివరలా ఉన్న పెట్టెలు మాడిపోయేవి. అవి బాగయ్యేదాకా పిల్లలకు కంప్యూటరు పాఠం ఉండేది కాదు.

గాజుతీగ అయితే ఈ బాధ లేదు. గాజులో విద్యుత్తు పారదు. కాని దాన్ని భూమిలో వెయ్యాలంటే రోడ్డు తవ్వాలి. అందుచేత తీగ తీసేసి, రెండు మేడల మీదా ఇనప గడలు నిలిపి, ఎదురెదురుగా రెండు రేడియో పలకలు బిగించాం. పిడుగుల భయం చేత గడలకు ఎర్తు తీగ కూడా వేశాం.

ఇది శివరాత్రి రోజుల్లో జరిగింది. కొన్నాళ్ళు అంతా చక్కగా నడిచింది. ఉగాది వెళ్ళాక కంప్యూటర్లు నత్తనడక పట్టాయి. వాన పడితే బొత్తిగా ఆగిపోయేవి. యంత్రం చెడిందనుకున్నాం. ఏడవ తరగతి అమ్మాయి ఒకతె మేడ ఎక్కి, “మాస్టారూ, శివరాత్రికి ఆ వేప మోడుగా ఉంది. ఇప్పుడు చూడండి!” అన్నది. నిజమే! రెండు మేడలకూ సరిగ్గా నడుమ ఉన్న వేపచెట్టు చిగిర్చి గుబురుగా ఉన్నది.

“1895లో జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో రేడియో తరంగాలను గోడల గుండా పంపి గంట మోగించారు కదా! ఆకులు ఎలా అడ్డుతాయండీ?” అని ఒక కుర్రవాడు అడిగాడు.

మంచి ప్రశ్న. గంట మోగటానికి కొద్దిపాటి శక్తి చేరినా చాలు. కంప్యూటరుకు సెకనుకు కోట్లకొద్దీ సంకేతాలు తప్పు లేకుండా చేరాలి. పచ్చి ఆకులో నీరుంటుంది; అది తరంగాల శక్తిని పీల్చుకుంటుంది. ఆకులు తడిస్తే ఇక చెప్పనక్కరలేదు. పైగా మా తరంగాల పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. అవి దారంలాగా సన్నగా పోవు. ఒక పలక నుంచి రెండోది కంటికి కనిపిస్తే చాలదు. నడిమి దారిలో చుట్టూ మీటరుకు పైగా ఖాళీ ఉండాలి.

“చెట్టు కొట్టించండి,” అన్నారు కొందరు పెద్దలు. నేనూ సరేననబోయాను. పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తినేది ఆ చెట్టు నీడనే! “గడలు పెంచకూడదా, మాస్టారూ?” అన్నది ఆ అమ్మాయి. నాకు సిగ్గు వేసింది.

అందరం కూర్చుని లెక్క వేశాం. నడుమ దారి 3 మీటర్లు పైకి లేవాలి. ఒక్క గడనే పెంచితే, నడుమ అందులో సగమే లేస్తుంది. అంటే 6 మీటర్లు పెంచాలి. అంత గడ గాలికి ఊగుతుంది. అందుకని రెండు గడలనూ 3 మీటర్ల చొప్పున పెంచాం. పాఠాలు సాగాయి, చెట్టూ బతికింది.

తీగ తీసేసినా దారి అక్కరలేకుండా పోదు. కంటికి కనబడని దారిని మరింత జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి.

మీకొక లెక్క: చెట్టు నడుమ కాక కొత్త మేడకు దగ్గరగా ఉంటే, ఏ గడను పెంచటం మేలు? కాగితం మీద గీత గీసి, మీ నాన్నగారికో అమ్మకో చూపించండి.