గొంగళి కథ

“ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే యున్నది” అని మనము వారమునకొకసారియైన అనుచునే యుందుము. “గొంగళిలో తినుచు వెండ్రుకలు ఏఱినట్లు” అని కోడలిని దెప్పని యత్తగారు మన గోదావరిసీమలో అరుదు. మాట మన నోట నున్నది కాని వస్తువు మన యింట లేదు. మొన్న ఫాల్గుణమాసమున కోరుకొండ లక్ష్మీనరసింహస్వామివారి తీర్థమునకు పోయినపుడు మాకీ సంగతి తట్టినది.

కొండమెట్లు దిగి అంగళ్ల వరుసలో నడచుచుండగా మిలమిలలాడు పూలకంబళ్లు గుట్టలుగా కనబడినవి. చేతితో తడిమి చూచితిమి. అది ఉన్ని కాదు; రాతినూనె సరకు నుండి మరలలో తీసిన యాక్రిలిక్ దారము. ఉదికినప్పుడెల్ల దాని నుండి కంటికానని పోగులు నీటిలో రాలును. అవి మట్టిలో కలసి కుళ్లునవి కావు. ఊరు దాటిన పిమ్మట చెట్టునీడ నొక ముసలిగొల్ల నల్లని గొంగళి భుజమున వైచుకొని మందను కాచుచుండెను. “తాతా, ఈ గొంగళి నీ గొఱ్ఱెల బొచ్చుతో నేసినదేనా?” అని యడిగితిమి. అతడు నవ్వి, “ఈటి బొచ్చుతో గొంగళేంటి తల్లీ! గీకితే గుప్పెడు రాదు. ఇది మా అయ్య తెలంగాణం నుంచి తెచ్చింది” అనెను.

ముసలివాడు చెప్పినది నిజము. కోస్తాలో పేరొందిన నెల్లూరు గొఱ్ఱె ఎత్తైనది, పొడవుకాళ్లది, పొట్టివెండ్రుకలది. అందు పల్ల, జోడిపి, డోర అని మూడు తెగలు కలవు. మూడింటిలో దేనికిని ఉన్ని లేదు. అది మాంసమునకు పెంచు జాతి. ఉన్ని గలది దక్కను గొఱ్ఱె. తెలంగాణమునందును, ఇరుగుపొరుగు కర్ణాటక, మహారాష్ట్రములందును మెట్టనేలలపై మేయును. దానిలో నల్లనిదే హెచ్చు. ఏటికి రెండుమార్లు కత్తిరింతురు.

అచ్చట దీనిని గొంగడి యందురు. నేయువారు కురుమలు. మగవారు బొచ్చు కత్తిరింతురు; దానిని విడదీసి ఏకి శుభ్రపఱచిన పిమ్మట ఆడువారు రాట్నముపై వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పెట్టి గుంటమగ్గముపై నేయుదురు. ఈ పనులన్నిటిలో కాలము తినునది వడకుటయే. అది యింటి పెద్దలగు అమ్మలు వంటయు పశువుల పనియు ముగిసిన పిమ్మట చేయునది. గొంగడి వెల యెంత యని బేరమాడువారు మగ్గమును చూతురు కాని రాట్నమును చూడరు. కోడండ్రు రాట్నమెందుకు పట్టలేదని ఆక్షేపించువారు ఆ దినమంతటికి ఎంత కూలి ముట్టునో ముందు లెక్కవేసికొనవలెను.

అయినను గొంగడికి వచ్చిన ముప్పు మగ్గము నుండి రాలేదు, గొఱ్ఱె నుండి వచ్చినది. మాంసమునకు ధర పెరిగినది. ముతక ఉన్నికి ధర పడిపోయినది. కత్తిరించువానికిచ్చు కూలి ఉన్ని యమ్మిన సొమ్మును మించెను. కత్తిరింపకున్నచో మందకు బాధ. కనుక కత్తిరించి పాఱవేయువారు కొందఱు, మందలో నెల్లూరు పొట్టేలును విడుచువారు మఱికొందఱు. అట్లు పుట్టిన పిల్ల త్వరగా పెరుగును కాని బొచ్చు పలుచన. తరములు గడచినకొలది ఉన్ని మాయము. 2017లో తెలంగాణ ప్రభుత్వము కాపరులకు 20 గొఱ్ఱెలును 1 పొట్టేలును ఒక జట్టుగా, వెలలో నూటికి 75 పాళ్లు తాను భరించి, పంచిపెట్టినది. ఆ గొఱ్ఱెలను ఆంధ్రప్రదేశము మొదలగు పొరుగు రాష్ట్రములలో కొనిరి. కాపరికి మేలు చేయవలెనను తలంపును తప్పుపట్టము. కాని మాంసపుజాతి అడుగుపెట్టిన మందలో గొంగడికి చోటు చిక్కుట కష్టమని మా యభిప్రాయము.

స్కాట్లాండు దేశపు పడమటి దీవులలో హారిస్ ట్వీడ్ అను ఉన్నిబట్ట కలదు. ఆ దీవులలో వడికి, దీవివాసులు తమ యిండ్లలో నేసినదానికే ఆ పేరు చెల్లునని 1993లో చట్టము చేసిరి. నేతగాండ్రకు అది గొప్ప రక్ష. అయితే ఉన్ని దీవి గొఱ్ఱెదే కావలెనని నియమము లేదు. మనకట్టి చట్టమే వచ్చినను చాలదు. మన గొంగళి నల్లగొఱ్ఱెతోనే మొదలు కావలెను.

ఇక ఆ గుడ్డతో ఏమి కుట్టించుకొనవలెను? అది ముతకది, ఒంటికి గ్రుచ్చుకొనును. దానిని మెత్తని శాలువగా మార్చబోవుట వృథాప్రయాస. దాని గుణమును ఎఱిగి కుట్టించినచో మేలు. ఉన్ని తన బరువులో మూడవవంతునకు దగ్గఱగా నీటియావిరిని పీల్చుకొనియు తడిసినట్లు తోపదు, త్వరగా నిప్పంటుకొనదు. కావుననే కాపరి చలికిని వానకును దానినే కప్పుకొనుచున్నాడు. హైదరాబాదులో ఎర్తెన్ ట్యూన్స్ అనువారు ఈ గుడ్డతో పొలముపని చేయువారికి బూట్లు కుట్టిరి. అది మాకు మిక్కిలి నచ్చిన యోచన.

మన యిండ్లకైనచో, పిల్లలకు చలికాలపు చేతులులేని అంగీ, లోపల పాతచీర నూలుగుడ్డ అస్తరుతో, చక్కగా నమరును. గుడ్డను కోయకుడు, కోసిన అంచు విడిపోవును. వెడల్పును అట్లే మడచి ప్రక్కలు కుట్టి, మెడకు మాత్రము చీలిక విడిచి నూలుపట్టీ వేయుడు. పిల్ల పెరిగినపుడు కుట్టు విప్పి సందిటి సంచి చేసికొనవచ్చును. రంగు వేయింపవలదు. నలుపు, గోధుమ, బూడిద, తెలుపు గొఱ్ఱెయే యిచ్చియున్నది. రంగునీరు కాలువ చేరదు. కొనునపుడు “ఏ గొఱ్ఱె ఉన్ని? ఎవరు వడికిరి?” అని యడుగుడు. చెప్పలేనివాని యొద్ద కొనకుండుట మంచిది.

ఉదుకుట విషయమున మా యనుభవమొకటి సిగ్గువిడిచి చెప్పుచున్నాము. మా మామగారి నాటి గొంగళిని మురికి వదలునని వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టి, రాతిమీద బాగుగా రుద్దించితిమి. ఆఱవేయగా అది సగమునకు కుంచించి అట్టవలె బిగిసినది. ఉన్నిపోగుపై చేపపొలుసుల వంటివి కలవు. వేడికిని రుద్దుడునకును అవి ఒకదానినొకటి పట్టుకొనును, మఱల విడువవు. సోడా పోగునే తినివేయును. చన్నీళ్లలో కుంకుడురసము కలిపి, ముంచి తీసి, పిండక నీడలో చదునుగా ఆఱవేయవలెను. తఱచుగా ఉదుకనక్కఱలేదు, దులిపి ఎండ చూపినచో చాలును. పెట్టెలో వేపాకు వేసి, వర్షాకాలమున మాసమునకొకసారి విప్పి చూచుచుండవలెను. చిమ్మటకు చీకటియు కదలికలేమియు ఇష్టము.

మా మామగారి గొంగళిముక్క ఇప్పుడు దేవునిగదిలో పఱచియున్నది. పిల్లలు దానిపై కూర్చుండి యెక్కములు వల్లించుచున్నారు.