విత్తనపు గాదె ఖాళీ అయితే



ఎంత కరువు వచ్చినా మన పల్లెల్లో విత్తనపు గింజలను వండుకోరు. అవి పోతే వచ్చే ఏడు పంట ఉండదని అందరికీ తెలుసు. సముద్రములోని విత్తనము మాత్రము మన కంటికి కనబడదు. దానిని ఊడ్చివేస్తే ఏమగునో కెనడా దేశములోని న్యూఫౌండ్లాండ్ తీరమును చూచి నేర్చుకొనవచ్చును.

అక్కడ కాడ్ అనే చేప విస్తారముగా ఉండేది. కొన్ని వందల ఏండ్లు చిన్న పడవలతో పట్టినా తరుగలేదు. 1950ల తరువాత ఐరోపా నుండి పెద్ద ట్రాలర్లు వచ్చాయి. అవి చేపను ఓడలోనే కోసి, గడ్డకట్టించి నిలువచేసేవి. గుడ్లు పెట్టుటకు గుంపుకూడిన చేపలను సైతము విడువలేదు. 1968లో సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. 1977లో కెనడా 200 నాటికల్ మైళ్ల వరకు సముద్రమును తన అధీనములోనికి తెచ్చుకొన్నది; కాని ఆ తరువాత తన సొంత ట్రాలర్లనే పెంచుకొన్నది.

1980లలో ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు, చేప తగ్గుచున్నదని మొరపెట్టారు. ట్రాలర్ల వలలు నిండుచున్నవి గదా అని అధికారులు వారి మాట లక్ష్యపెట్టలేదు. మిగిలిన చేపలు ఒకచోట గుంపుకూడుట వలననే ఆ వలలు నిండేవి. చివరకు 1992 జూలై 2న ప్రభుత్వము వేటను ఆపివేసింది. దాదాపు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లకని చెప్పిన నిషేధమును 2024లో గాని ఎత్తివేయలేదు. అప్పుడు సైతము అనుమతించినది 18,000 టన్నులే.

ఇది ఒక్క కెనడా మాట కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారము, ప్రపంచ సముద్రాలలోని చేపల నిల్వలలో మూడవ వంతుకు పైగా మితిమీరిన వేటకు గురియైనవి. దొంగచాటుగా పట్టినది లెక్కకే రాదు గనుక ఎంత మిగిలినదో తెలుసుకొనుట కూడ కష్టమగుచున్నది.

మన తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టి వృద్ధిపొందుటకే ఈ విరామము. పడవ మీద బ్రతికే ఇంటికి ఆ రెండు నెలలు గడుచుట కష్టమే. అయితే న్యూఫౌండ్లాండ్ కుటుంబములు పోగొట్టుకొన్నది రెండు నెలలు కాదు, ఒక తరము. నిషేధ దినములలో చాటుగా వేటాడేవాడు, చిన్న కన్నుల వలతో పిల్లచేపలను ఊడ్చేవాడు, ఓర్చుకొని ఒడ్డున ఆగిన పొరుగువాని వాటాను తీసుకొనుచున్నాడు.

కొనే మనకు కూడ ఇందులో బాధ్యత ఉన్నది. సంతలో వంజరము పిల్లలు తట్టలో కనబడితే చవక గదా అని కొనకుందము. కొనేవారు లేనప్పుడు పట్టేవారు కూడ మానుకొందురు.