ఎవరి సౌకర్యమునకీ బోధనయంత్రములు?

మన విద్యాధికారులును, వారికి యంత్రములను విక్రయించు వర్తకులును ఈ నడుమ ఒక మాటను మంత్రమువలె జపించుచున్నారు. ఆన్‌లైను బోధన వచ్చినది గనుక ఇక కొండకును పట్టణమునకును భేదము లేదట. ఫోను తెరమీద వ్రేలు మోపినంతనే ఎక్కడి గురువైనను ఎక్కడి శిష్యునికైనను చదువు చెప్పవచ్చునట. అట్లు జరుగని చోట తప్పు గిరిజన తల్లిదండ్రులదట, అలవాటు చాలని పంతులుదట! ఈ తుదిమాట నాకు సహింపరానిదిగా నున్నది. చెప్పు కాలికి పట్టనిచో కాలిని చెక్కుకొమ్మని చెప్పువాడు లోకమున నుండునా? బోధనయంత్రముల విషయమున మాత్రము అట్టివారికే పెద్దపీట వేయుచున్నాము.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలము చేరి, అచ్చటినుండి నదిని విడువక దుమ్ముగూడెము, చర్ల దిక్కుగా పోయినచో తెలుగుదేశపు అంచు కనబడును. అవతల ఛత్తీస్‌గఢపు అడవులు; ఇవతల కోయగూడెములు. వానిలో కొన్ని 2005 తరువాత ఆవలి కల్లోలమునకు తాళలేక వచ్చి చేరిన గొత్తికోయలవి. పాల్వంచలో పుట్టిన విద్యుత్తు దూరనగరములను వెలిగించుచుండగా, ఈ గూడెములలో గాలివానకు పోయిన కరెంటు ఎప్పుడు వచ్చునో చెప్పువాడుండడు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చినది. బడులు తెఱచునది జూన్ మాసమున. నది పొంగునది జూలై, ఆగష్టులలో. అనగా చదువు ఊపందుకొనవలసిన దినములలోనే బాటలు, తీగలు, టవర్లు అన్నియు గోదావరి దయకు లోబడియుండును. ఎడతెగని సిగ్నలు లేనిదే తెఱచుకొనని యాపును ఇట్టి చోటికి పంపుట, వానకాలమున ఏరు దాటవలసినవానికి ఎండకాలపు ఇసుకబాట చూపుటవంటిది.

ఇది నా ఊహ కాదు. 2020 మార్చిలో కరోనావలన బడులు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము టీ-సాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించినది. ఆ ప్రయత్నమును నేను నిందింపను. టీవీకి దినదినము డేటా కొననక్కరలేదు. దానిని ఎన్నుకొనుట తెలివియే. కాని టీవీ మాటలాడునే గాని వినదు. పిల్ల వెనుకబడినదని దానికి తెలియదు. గురుశిష్యులు ఎదురెదురుగా మాటలాడుకొనునట్లు చేసిన జూమ్ వంటి సాధనములు పట్టణములకు చెల్లినవి; అందును వెల లేని పద్ధతిలో 40 నిమిషములకు సభ ముగిసిపోవును. ఆ సాధనములకు వలసిన ఇంటర్నెట్ మన పల్లెలలో ఎంత? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో దేశమందలి పల్లెయిండ్లలో నూటికి 15 ఇండ్లకు మాత్రమే ఆ సౌకర్యము గలదు; పట్టణములలో నూటికి 42. కంప్యూటరున్న పల్లెయిండ్లు నూటికి నాలుగు. ఈ లెక్క చేతనుండగానే ఆన్‌లైను బడులను గూర్చి ఉపన్యాసములు సాగినవి. ఉన్న ఒక్క ఫోనును తండ్రి కూలికి పోవుచు వెంట గొనిపోవును. పాఠము వచ్చునది పగలు, ఫోను ఇల్లు చేరునది రాత్రి. పాఠము చెప్పు వేళను నిర్ణయించినవారికి ఈ చిన్న సంగతి తట్టకపోవుట నా కాశ్చర్యమే.

"అదంతయు గడచిన కథ, ఇప్పుడు ఫోనులు వచ్చినవి, పిల్లలకు వాడుట రాకపోవుటయే చిక్కు" అని వాదించువారున్నారు. ఆ వాదమును 2024 నాటి అసర్ నివేదిక పటాపంచలు చేయుచున్నది. గ్రామీణ భారతమున 14 మొదలు 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మంది స్మార్టు ఫోను వాడుట ఎఱిగినవారే. అంతకు ముందటి వారమున దానిని చదువు పనికి వాడితిమని చెప్పినవారు 57 మంది, సామాజిక మాధ్యమములకు వాడితిమనినవారు 76 మంది. ఆ మాధ్యమములను వాడుట నేర్పుటకు ఏ ప్రభుత్వమును శిబిరము పెట్టలేదు, కరదీపిక వేయలేదు. వాని యజమానులు తమ లాభముకొఱకు ప్రతి మీటను అనేకులచే నొక్కించి చూచి, ఎచ్చట వ్రేలు తడబడునో కనిపెట్టి సవరించుకొనిరి. చూచువారు పెరిగిన కొలది వారికి లాభము. పాఠపు యాపు చేయువానికి పిల్ల తడబడినను సొమ్ము ముట్టును, తడబడకున్నను ముట్టును. కొనువాడు కార్యాలయమున నున్నాడు, వాడువాడు గూడెమున నున్నాడు. ఇక పిల్లలకు తెలివి లేదనుట ఎంతటి సాహసము! ఆ నివేదికలోనే మఱియొక సంగతి గలదు. ఫోను వాడుట వచ్చిన ఆ యీడు పిల్లలలో సొంత ఫోను గలవారు బాలురలో నూటికి 36 మంది, బాలికలలో 27 మంది. ఒక ఫోను ఒక విద్యార్థిదే యని తలచి, ఒక పేరు, ఒక పాస్‌వర్డు, తండ్రి చేతనున్న నంబరుకు వచ్చు ఓటీపీ అని కట్టడిచేసిన సాధనమున మొదట వెలుపల నిలుచునది ఆడపిల్లయే. స్త్రీవిద్యను గూర్చి మనము ఇన్నేండ్లుగా వ్రాయుచున్న వ్రాతలు ఆ ఓటీపీ గడపకడనే ఆగిపోవుచున్నవి.

సిగ్నలును తీగలును నేడు కాకున్న రేపు వచ్చును. వానికంటె లోతైన చిక్కు భాషది. తెలుగు పుస్తకమున 'ఏరు' అనగా పాఱు ప్రవాహము. కోయ యింట 'ఏరు' అనగా నీరు. రెండవ తరగతి పిల్ల ముందర ఒక బొమ్మల యాపు పెట్టినారనుకొనుడు. అందు 'ఏరు' అను మాట పలికి, నాలుగు బొమ్మలలో దానిని తాకుమన్నది. పిల్ల సందేహింపక నీళ్లకుండను తాకును. తెరమీద ఎఱ్ఱని గుర్తు పడును, ఒక వికారపు చప్పుడు వినబడును. పిల్ల తాను తల్లివద్ద నేర్చిన మాట తప్పని ఆ క్షణమున నేర్చుకొనును. అదే కోయమాట తెలిసిన పంతులైనచో నవ్వి, "మీ ఇంట అదే సరి, పుస్తకమున ఇది" అని రెండు మాటలకును చుట్టఱికము కలిపియుండును. రెండు భాషలును ఒక్క కుటుంబమునకు చెందినవని ఆ పిల్లకు తెలియకయే తెలిసియుండును. యంత్రమునకు అంతటి మర్యాద రాదు, నేర్పిననే వచ్చును. నేర్పవలెనన్న యంత్రము చేయువాడు ఆ గూడెమున కూర్చుండి ఆ పిల్ల మాట వినవలెను. ఆ పని చేయక, హైదరాబాదులోనో బెంగుళూరులోనో చల్లని గదిలో కూర్చుండి, "తెలుగు ప్రతి సిద్ధము" అని చాటించుటయే ఇప్పుడు జరుగుచున్నది. ఆ తెలుగైనను ఎట్టిది? ఆంగ్లపు మీటలమీద అంటించిన తెలుగు. పంతులే దానిని మరల ఆంగ్లము చేసికొని గ్రహింపవలసియున్నది.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరల మాట నేర్చి, వారి మాటలోనే వాచకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టించిరి. 1931లో వారి సవర వ్యాకరణము వెలువడినది. గురువు మొదట శిష్యుడై గూడెమునకు పోయెను. పుస్తకము పిదప వచ్చెను. (గ్రాంథికముతో జీవితమంతయు పోరాడిన ఆ మహాశయుని గ్రాంథికముననే స్మరించుచున్నాను, ఆయన నన్ను మన్నించునుగాక.) ఆ బాట పూర్తిగా మూసికొనిపోలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో కూడ 8 గిరిజన భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకములు చేయించి బహుభాషావిద్యను ఆరంభించినది. 2011 జనాభా లెక్కలలో కోయభాషను తమ మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు పైబడినవారు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణమును, 2009 నాటి విద్యాహక్కు చట్టమును, 2020 నాటి జాతీయ విద్యావిధానమును మాతృభాషాబోధననే చెప్పుచున్నవి. కాగితముమీద ఇంత అంగీకారమున్న విషయము మఱియొకటి లేదేమో! అయినను తెరమీదికి వచ్చునప్పటికి ఆ అంగీకారమంతయు ఎచ్చటికో పోవును.

పంతులు మాట చెప్పలేదు. అడవిబడులలో పెక్కింట ఒకరిద్దరే అయిదు తరగతులను నడపవలసియున్నది. పిల్లల హాజరు ఫోనున పంపవలెను, భోజనపు లెక్క ఫోనున పంపవలెను, పుస్తకముల లెక్కయు అంతే. ఏదైన ఉత్సవము చేసినచో దాని ఛాయాచిత్రము పంపవలెను. పంపనిచో ఉత్సవము జరుగనట్లే. పిల్లల మొగములు చూడవలసిన వేళ ఆయన తెరవంక చూచుచుండును. ఈ సాధనములన్నియు బోధనకని వచ్చి తనిఖీకి స్థిరపడినవి. పంతులు తనకు వలసిన పాఠమును తానే కుదించుకొనుటకు గాని, ఒక బొమ్మను తీసి తన ఊరి బొమ్మను పెట్టుటకు గాని, "ఈ ప్రశ్న మా పిల్లలకు తప్పు" అని వ్రాయుటకు గాని మీట యేది? పైకి పంపుటకు వేయి ద్వారములు, మార్చుటకు ఒక్కటియు లేదు. ఇట్టి యంత్రమును చూచి ముఖము త్రిప్పుకొను పంతులును నేను సోమరి యనను.

ఇంతకంటె మేలైన నమూనా ఎచ్చటనో విదేశమున వెదకనక్కరలేదు. చర్లకు ఆవలనే యున్నది. 2010లో శుభ్రాంశు చౌధురి మొదలైనవారు ఛత్తీస్‌గఢమున సీజీనెట్ స్వర అనుదానిని స్థాపించిరి. అక్షరము రానివాడైనను మామూలు మీటల ఫోనునుండి పిలిచి, గోండి మున్నగు తన మాటలో తన సంగతి చెప్పవచ్చును, ఇతరులు చెప్పినది వినవచ్చును. అది పాఠశాలకై చేసినది కాదు; కాని వాడువాని చేతనున్న వస్తువునుండియు, నోటనున్న మాటనుండియు ఆరంభించి చేసినది. మన బోధనకు అదే త్రోవ ఏల తగదు? సామాన్యమైన తెరపాఠమును గంటసేపు చూచినచో కొన్ని వందల మెగాబైట్లు ఖర్చగును. అదే గంటసేపటి మాటను ధ్వనిగా పంపినచో 30 మెగాబైట్లు మించదు. రాత్రి సిగ్నలు వచ్చిన వేళ ఫోను తనంతట దించుకొని, పగలు సిగ్నలు లేకున్నను వినిపించు కోయ-తెలుగు పాఠమును ఒక పేద తండ్రి భరింపగలడు. ఒక ఫోనున నలుగురు పిల్లలు తమ తమ బొమ్మగుర్తును తాకి ప్రవేశింపవచ్చును. పిల్ల చెప్పిన జవాబు ధ్వనిగా పంతులుకు చేరును. ఆయన తీరిక దొరికినప్పుడు విని, తన గొంతుతోనే తిరిగి చెప్పును. 2017లో వచ్చిన దీక్ష వేదికలో పాఠ్యపుస్తకపు పుటలోని చదరపు గుర్తును ఫోనుకు చూపినంతనే పాఠము తెఱచుకొనును; పిల్లకు పరిచయమైన పుస్తకమునే వాకిలిగా చేసిన ఆ ఒక్క ఊహ మెచ్చదగినది.

"నాలుగు లక్షలమందికై వేఱు సాధనమా? ఖర్చు ఎవరిది? ఎట్లును తెలుగు, ఆంగ్లము నేర్వక తప్పదు గదా" అని నాగరికులైన మిత్రులు పెదవి విఱుతురు. నేర్వవలసినదే, వద్దన్నవాడెవ్వడు? తల్లిమాటను మెట్టుగా చేసికొని ఎక్కువాడు త్వరగా ఎక్కును. మెట్టు తీసివేసి ఎగురుమనువాడు, పడినవారిని మందమతులని లెక్కవ్రాసికొనును. ఖర్చు మాట అనువారు, వాడుక లేక అలమరలలో మూలుగు పలకలకును పెట్టెలకును అయిన ఖర్చును ముందు లెక్కకట్టుదురుగాక. మఱియు కోయమాట ఒక్క రాష్ట్రపు సొత్తు కాదు. 1959 దాక తూర్పుగోదావరిలోనుండి, పిదప ఖమ్మమున చేరి, 2016లో కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చిన భద్రాచలమునకు ఇరుగుపొరుగులైన చింతూరు, కూనవరములు 2014లో ఆంధ్రప్రదేశమున కలిసినవి. అడవి ఒక్కటే, మాట ఒక్కటే, పాఠ్యక్రమములు మాత్రము రెండు. ఇరు ప్రభుత్వములును కలిసి ఒక్క కోయ పాఠనిధిని కూర్చినచో ఖర్చు సగమగును. ఒడిశా, ఛత్తీస్‌గఢములు చేరినచో ఇంకను తగ్గును. నీళ్లకై వాదులాడుకొను ప్రభుత్వములు మాటలకై కలియరాదా?

కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష ఒకటి గలదు. దానికి నిపుణులు వలదు. యంత్రము చేసినవారు జూలై మాసమున, నది రెండవ హెచ్చరికను దాటిన వారమున, చర్లవైపు ఒక గూడెపుబడికి రావలెను. మూడేండ్ల నాటి పగిలిన తెరగల ఫోనును అయిదవ తరగతి బాలిక చేతికిచ్చి, ప్రక్కన కూర్చుండి, ఆమె పాఠము తెఱచి ఒక ప్రశ్నకు జవాబు పంపువఱకు నోరు మెదపరాదు, వ్రేలు చూపరాదు. పంతులు కూడ చూచుచుండును. ఎన్నిమారులు ఆమె ఆగెనో, ఏ మాట వద్ద తల యెత్తి పంతులువంక చూచెనో వ్రాసికొనవలెను. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు ప్రాధాన్యమిచ్చినది గనుక, ఆ వ్రాసినదానిని కోయమాటలోను తెలుగులోను ఆ సభయందే చదివి వినిపింపవలెను. కొనుగోలు పత్రముమీద సంతకము ఆ తరువాత.