‘బీఫ్ లేకుండా, ఇంట్లో చేసినది’

ఇంట్లో బర్గర్ చేసుకోవడానికి బీఫ్ అక్కర్లేదు. ఈ మాట మొదటే ఒప్పేసుకుంటున్నాను. కోడి కైమాతో చేసుకోవచ్చు, రొయ్యలతో, పచ్చి పనసకాయతో, శనగపప్పుతో కూడా చేసుకోవచ్చు. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకి ఇవన్నీ చేతికందేవే. నేనూ చేస్తాను, మా ఇంట్లో ఇష్టంగా తింటారు. కాబట్టి బీఫ్ లేని బర్గర్‌తో నాకు పేచీ ఏమీ లేదు. ‘బీఫ్ లేకుండా’ అని పైకి చెప్పాల్సిన అవసరం ఎవరికి, ఎందుకు వచ్చిందని నేను అడుగుతున్నాను. దాని పక్కనే ‘ఇంట్లో చేసినది’ అన్న మరో మాట ఎందుకు అతుక్కుని వస్తోందని కూడా అడుగుతున్నాను.

కిందటేడు మా అమ్మాయి చదివే బడిలో, పిల్లలు ఇంటినుంచి తలా ఒక వంటకం తెచ్చి పంచుకుని తినే రోజొకటి పెట్టారు. తరగతికి ఒక వంటకం కేటాయించారు. మావాళ్ళకి బర్గర్ వచ్చింది. తల్లుల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టారు: బయట కొన్నవి వద్దు, అమ్మ ఇంట్లో చేసినవే పంపండి, బీఫ్ ఉండకూడదు. కింద చేతులు జోడించిన బొమ్మ. (గ్రూపు పేరే ‘మదర్స్’. తండ్రులకి అందులో చోటు లేదు, వాళ్ళు అడగనూ లేదు.)

ఈ ఊళ్ళో బీఫ్ బర్గర్ అమ్మే దుకాణం నేనింతవరకూ చూడలేదు. అసలీ దేశంలోకి బర్గర్ పెద్దఎత్తున వచ్చిందే బీఫ్‌ని బయట వదిలేసి. 1996లో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ మొదటి షాపు తెరిచినప్పుడు, ప్రపంచం మొత్తంలో బీఫ్ అమ్మని మొదటి మెక్‌డొనాల్డ్స్ అదే. బిగ్ మాక్‌కి బదులు మహారాజా మాక్ అని పేరు పెట్టి మొదట మటన్‌తో, తర్వాత కోడితో చేశారు. ఆలూ టిక్కీని బన్ను మధ్య పెట్టి అమ్మారు. అప్పటినుంచీ మన పట్టణాల పిల్లలకి బర్గర్ అంటే ఆలూ, కోడి, పనీరే. మరి బీఫ్ వద్దని చెప్పే అవసరమే లేనిచోట ఆ మాట ఎందుకు రాసినట్టు? తరగతిలో 36 మంది పిల్లలున్నారు. అందులో 33 ఇళ్ళవాళ్ళు ఆ మాట చదివి ఏమీ అనుకోకుండా కిందికి జరిపేసి ఉంటారు. అది చేరాల్సిన మూడిళ్ళకీ చేరింది. ఇద్దరు ముస్లిం పిల్లలు, మా అమ్మాయి.

మాది దళిత క్రైస్తవ కుటుంబం. నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేసేవాడు. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. బెంగాలీలు, ఒరియావాళ్ళు, తమిళులు, అన్ని జిల్లాల తెలుగువాళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు చేసే చోటు. చిన్న భారతదేశం అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు, నిజమే, అన్ని విధాలా చిన్న భారతదేశమే. ఆదివారం చర్చినుంచి వచ్చాక అమ్మ పెద్దమాంసం వండేది. నాన్న దాన్ని సంచి అడుగున పెట్టి, పైన తోటకూర కట్టలు పరిచి తెచ్చేవాడు. అమ్మ కిటికీలు మూసి, రెండో పొయ్యి మీద మెత్తళ్ళు వేయించేది. పక్కింటివాళ్ళకి ఆ వాసన ముందు తగలాలి. ఇంట్లో కుక్కర్ ఉండి కూడా ఈ కూరకి వాడేది కాదు. పప్పుకి మూడు విజిళ్ళు, మేకమాంసానికి ఆరు, దీనికి పదిపైన. విజిళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారని ఆమె భయం. అందుకని మందపాటి గిన్నెలో మూతపెట్టి రెండు గంటలు ఉడికించేది. వైజాగ్ ఉక్కలో కిటికీలు మూసుకుని పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడడమంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంటిచాకిరీని గంటల్లో లెక్కగట్టి చూపించడం మన స్త్రీవాదం చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ లెక్కలో మా అమ్మ రెండు గంటలు ఏ పద్దు కింద రాస్తారు? వంటకింద రాస్తే చాలదు. వంటకి అరగంట చాలు, మిగతాదంతా కులం తినేసిన సమయం.

బర్గర్‌కి కూడా ఒక శ్రమ చరిత్ర ఉంది. 1921లో అమెరికాలోని విచిటా పట్టణంలో వైట్ కాజిల్ అనే సంస్థ 5 సెంట్లకి ఒకటి చొప్పున వీటిని అమ్మడం మొదలుపెట్టింది. కంచం అక్కర్లేదు, కూచోనక్కర్లేదు, ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించనక్కర్లేదు. మన బీచి రోడ్డు మీద మురీ మిక్చర్ బండి, హార్బరు గేటు బయట ఇడ్లీ బండి చేసే పని అది. చవకగా, చేతిలో పట్టుకుని, పనికి పోతూ తినే తిండి. అలాంటి తిండి మన మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చేసరికి తల్లికి పెట్టే పరీక్షగా మారిపోయింది. బయటిది మంచిది కాదు, ప్రేమ ఉన్న అమ్మ ఇంట్లోనే చేసిపెడుతుంది! పొయ్యి దగ్గరనుంచి మనిషిని విడిపించడానికి పుట్టిన తిండిని తెచ్చి మళ్ళీ పొయ్యి మీదే పెట్టారు.

ఎంత పని అంటారా? గొడ్డుమాంసం కైమా అయితే పని తక్కువ. అందులో ఐదోవంతు కొవ్వు ఉంటుంది, ఉప్పు కలిపి అదిమితే తనంతట తనే అంటుకుంటుంది, కొవ్వు కరిగి లోపల తడి నిలబెడుతుంది. బీఫ్ తీసేశారంటే ఆ రెండు పనులూ మీరు చెయ్యాలి. కోడి రొమ్ముమాంసం ఎండిపోతుంది కాబట్టి తొడమాంసం కొట్టించుకోవాలి, ఉల్లిపాయ తురిమి నీళ్ళు పిండెయ్యాలి, గుడ్డూ రొట్టెపొడీ కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. రొయ్యలైతే సగం మెత్తగా, సగం ముక్కలుగా తరిగి ఉప్పేసి జిగురొచ్చేదాకా పిసకాలి. అప్పుడు గుడ్డు కూడా అక్కర్లేదు, రుచికి దీన్ని మించింది లేదు, కానీ ముందు కిలోన్నర రొయ్యలు ఒలవాలి. పనసకాయని ఉడికించి పిండి, పుట్నాలపప్పు పొడి కలిపితే నిలుస్తుంది, లేకపోతే పెనం మీద విడిపోతుంది. శనగపప్పుతో చేస్తే అది మన మసాలా వడే. ‘వడని రొట్టెలో పెట్టి దీనికింత హడావిడా’ అని మా అమ్మ నవ్వింది. నేను రొయ్యలతోనే చేశాను, 12 బర్గర్లు. హార్బరుకి వెళ్ళి రావడంతో కలిపి నాలుగు గంటలు పట్టింది. ఆ సాయంత్రం పూర్తి చెయ్యాల్సిన వ్యాసం మర్నాటికి వెళ్ళింది. మా ఆయన బన్నులు తెచ్చాడు.

ఈ విషయం విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళతో అన్నాను. వాళ్ళు చెప్పిన జవాబుల కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒకావిడ మనోభావాల గురించి మాట్లాడింది. ఆవు చాలామందికి పవిత్రం కదా, చిన్న పిల్లల దగ్గర గొడవెందుకు అని. సరే, ఆవు గురించే మాట్లాడుకుందాం. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర ఆవునీ దూడనీ కొయ్యడం నేరం. పనికీ పాడికీ పనికిరావని అధికారి ధ్రువపత్రమిస్తే ఎద్దునీ గేదెనీ కొయ్యొచ్చు. అంటే చట్టబద్ధంగా అమ్మే పెద్దమాంసంలో ఆవు లేనేలేదు. మరి గేదె మీద ఎవరికి భక్తి ఉంది? మన ఇళ్ళలో కాఫీలో పడేది ఎక్కువగా దాని పాలే. ఆవుకి చేసినంత పూజ దానికి లేదు, దాని పేరు తిట్టుగా వాడతాం. అయినా గేదెమాంసం తిన్నవాళ్ళ కంచం మాత్రం అంటరానిదవుతుంది. తిన్న జంతువు ఏదన్నది వదిలేసి, తిన్నది ఎవరన్నదాని మీదే తీర్పు జరుగుతోందనడానికి ఇంతకంటే ఏం కావాలి? గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948లోనే ‘ది అన్‌టచబుల్స్’లో విప్పి చూపించాడు. పాఠం చెప్పేటప్పుడు మనమంతా ఆ పుస్తకం పేరు చెప్తూనే ఉంటాం.

శాకాహారమే మన సంస్కృతి అన్న మాటకి జవాబు ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2014 నాటి ఎస్‌ఆర్‌ఎస్ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. నూటికి ఇద్దరి అలవాటు అందరికీ మర్యాద ఎలా అయిందో సంస్కృతి గురించి మాట్లాడేవాళ్ళే చెప్పాలి.

ఇంకొకామె మరింత చదువుకున్న జవాబిచ్చింది. కరోల్ ఆడమ్స్ 1990లో రాసిన ‘ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’ గుర్తుచేసి, మాంసం మగ ఆధిపత్యానికి గుర్తు, స్త్రీవాదులుగా మనం దాన్ని వదలడమే సరి అంది. ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. మాంసం అన్న మాట వెనక బతికున్న జంతువు మాయమైపోతుందని ఆడమ్స్ అంటుంది. అమెరికాలో మగవాడి పెద్ద స్టేకు ముక్కని చూసి చేసిన ఆలోచన అది. మా ఇంట్లో పెద్దమాంసం దర్పం కోసం తిన్నది కాదు. మేకమాంసం కొనలేని ఇంట్లో ఆడపిల్ల కంచంలోకి కూడా నాలుగు ముక్కలు వచ్చేవంటే అది చవక కాబట్టే. రక్తం తక్కువని డాక్టరు చెప్పిన మా పిన్నికి బాలింతగా ఉన్నప్పుడు అమ్మ వండి పంపింది ఇదే. స్నేహితురాలు కోడి బర్గర్ తింటూ నాకీ పుస్తకం గుర్తుచేసిందని కూడా ఇక్కడ రాయక తప్పదు. కోడిమాంసం మగ ఆధిపత్యం కిందికి రాదు కాబోలు!

‘ఇంట్లో చేసింది’ అన్న మాటకి మరో చరిత్ర కూడా ఉంది. అమెరికాలో మన తెలుగు తల్లులు పిల్లలకి బర్గర్లు ఇంట్లో చెయ్యడానికి అక్కడ కారణం ఉంది. బయట దొరికేది బీఫే. 2001లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు అక్కడ ఆలుగడ్డ వేపుళ్ళలో కూడా బీఫ్ నుంచి తీసిన రుచిపదార్థం వాడుతున్నారని బయటపడితే సియాటిల్‌లో దావా పడింది. మరుసటి ఏడు కోటి డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది. తినేదాంట్లో ఏముందో తెలుసుకునే హక్కు అందరికీ ఉంది, దాచిపెట్టినవాడిని నిలదీశారు, న్యాయమే. అక్కడ ఆ తల్లి మైనారిటీ, తన వంటకోసం తను నిలబడింది. అదే మాట విశాఖపట్నంలోకి వచ్చేసరికి తలకిందులైపోయింది. ఇక్కడ మెజారిటీ వంటిల్లు మైనారిటీ వంటింట్లోకి తొంగిచూస్తోంది. వాళ్ళ దగ్గర కంపెనీ దాచింది. మా దగ్గర దాచుకోవాల్సి వచ్చింది మా అమ్మ.

తొంగిచూడడం ఎక్కడిదాకా పోతుందో తెలియని కాలం కాదిది. 2015 సెప్టెంబరులో దాద్రీలో అఖ్లాక్‌ని చంపినప్పుడు గుంపు వెతికింది ఇంట్లో ఫ్రిజ్‌ని. 2016 ఆగస్టులో మన అమలాపురంలోనే, కరెంటు తగిలి చచ్చిపోయిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చావగొట్టారు. వాట్సాప్ కబురుకీ దీనికీ పోలికా అంటారేమో. చేతులు జోడించిన బొమ్మ పెట్టినావిడ ఎవరినీ కొట్టదు, నాకూ తెలుసు. ఆమె చేసింది ఒక ఇంటి ఫ్రిజ్‌లో ఏముందని అడగడం తప్పు కాదని 36 మంది పిల్లలకి నేర్పడం. మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి, ‘మనం తింటామని ఎవరికీ చెప్పకూడదా?’ అని అడిగింది. దానికి తొమ్మిదేళ్ళు. కిటికీలు తెరిచి ఉన్న ఇంట్లోనే పెరిగింది.

మన సాహిత్యంలో వంటింటి మీద తిరుగుబాటు తక్కువేమీ జరగలేదు. విమల ‘వంటిల్లు’ని తరాలుగా పాఠం చెప్పుకుంటున్నాం. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు పేరు మర్చిపోతే మనందరికీ మన పేర్లు గుర్తొచ్చాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో ‘నల్లపొద్దు’ వచ్చాక, ఆ ‘మనం’లో ఎవరెవరు లేరన్నది కూడా తెలిసింది. ఉమా చక్రవర్తి 1993లో బ్రాహ్మణీయ పితృస్వామ్యం గురించి రాసినదాన్ని పట్టుకుని పెళ్ళిలో కులాన్ని స్త్రీ శరీరం మీద ఎలా కాపలా కాస్తారో బాగానే చర్చించాం. పొయ్యి దగ్గర మాత్రం కాపలా కాసేది స్త్రీయే. ఏ గిన్నె ఎవరికి, ఏ గ్లాసు పనిమనిషికి, ఎవరింటి డబ్బా పిల్లాడు ముట్టుకోకూడదు, ఈ చట్టాలన్నీ అమలు చేసేది ఇల్లాలే. ఆ ఉద్యోగానికి జీతం లేదు, కానీ హోదా ఉంది. చాకిరీ మీద రాసినంత సులువుగా ఈ హోదా మీద మనం రాయలేదు. చాకిరీ గురించి రాస్తే మనం బాధితులం, దీని గురించి రాస్తే కాము కదా.

బర్గర్ల రోజుకి నేను డబ్బా మీద చీటీ అంటించి పంపాను: రొయ్యలు, ఉల్లి, పచ్చిమిర్చి, మిరియాలు, ఉప్పు. రొయ్యలు పడని పిల్లలుంటారు కాబట్టి అది అవసరం కూడా.

వచ్చే నెల మా నగరంలోనే ఒక సదస్సు ఉంది, మనవాళ్ళదే. ఆహ్వానంలో ‘అందరికీ ఆమోదయోగ్యమైన భోజనం’ అని ఉంది. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. ఆ వాక్యం కొట్టేసి వంటకాల పేర్లు రాయండి. పప్పు అయితే పప్పని, కోడికూర అయితే కోడికూరని రాయండి. వండనిదాని పేరు రాయక్కర్లేదు. పెద్దమాంసం వండించే ధైర్యం ఉంటే దాన్నీ ఆ వరసలోనే, అదే సైజు అక్షరాల్లో రాయండి, వేరే బల్ల వెయ్యకుండా. వండేవాళ్ళెవరో, వాళ్ళకి గంటకెంత ఇస్తున్నారో కూడా చెప్తే, వచ్చేముందు నేను కిలోన్నర రొయ్యలు ఒలిచి తెస్తాను.