మోకాలి నొప్పి – వినోదయాత్ర

ఎడమ మోకాలు అరిగిన అత్తగారిని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకువెళ్ళవచ్చునా అని ఒక సోదరి అడిగారు. నిక్షేపంగా తీసుకువెళ్ళండమ్మా! కానీ అది 1,600 ఎకరాల పైచిలుకు ప్రాంగణం. బస్సులో తిప్పినా ఎక్కడం, దిగడం తప్పదు. ఎక్కేటప్పుడు కుడికాలు ముందు, దిగేటప్పుడు ఎడమకాలు ముందు వేయమనండి. చేతికర్ర కుడిచేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది పొరపాటు.

చక్రాల కుర్చీ దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. "నలుగురూ చూస్తారు, నడుస్తాలే" అంటారావిడ. వినకండి. అలసిపోకముందే కూర్చోబెట్టాలి. లేచేముందు బ్రేకు వేసి, పాదాల పలకలు పైకి మడవండి. కుదుపుల రైడ్లు మనవలకు వదిలేయండి.

ఇంకొకటి, బాత్‌రూముకు వెళ్ళాల్సి వస్తుందని పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండలో అది మోకాలి నొప్పికంటే ప్రమాదం. బాత్‌రూము ఎక్కడుందో మొదటే చూపించి, గంటకోసారి గ్లాసెడు నీళ్ళు తాగించండి.